మెల్లగా దించే విద్య

పిడుగుకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు. అలాంటిది కారణమే దొరికితే ఇక చెప్పేదేముంది! ఆ రోజు ఆసుపత్రి వెనక హాల్లో కారణాలు వరసగా నిలబడి ఉన్నాయి. కుడిపక్కన మోకాళ్ళ నొప్పుల పెద్దావిడ. ఎడమపక్కన చెవుడున్న రిటైర్డు పోస్టుమాస్టరు. ఎదురుగా తన భుజం దాకా కూడా రాని ఒక ఫిజియోథెరపీ టీచరమ్మ, మోకాళ్ళు కాస్త వంచి, రెండు చేతులూ గాలిలో తేలుస్తోంది. అవి ఎప్పుడు పైకి వెళ్తాయో, ఎప్పుడు కిందికి వస్తాయో ఆవిడకైనా తెలుసా అనిపించేంత నింపాదిగా తేలుస్తోంది.

"దీన్ని తాయ్ చీ అంటారు. చైనావాళ్ళు తరతరాలుగా చేస్తున్న వ్యాయామం. ఇక్కడ ఎవరూ తొందరపడక్కర్లేదు" అందావిడ.

"వ్యాయామమా ఇది?" అన్నాడు పిడుగు, హాలంతా వినపడేలా. "దోమలు తోలుకోవడానికి నేను ఇంతకన్నా గట్టిగా చేతులూపుతానమ్మా!"

పోస్టుమాస్టరుకు అంత చెవుడులోనూ అది వినపడింది. కిసుక్కున నవ్వాడు.

పిడుగు అన్నది రేవులో పెట్టిన పేరు. ఓడల్లోంచి ఇనుప చుట్టలు, కలప దుంగలు దించే పెద్ద క్రేను మీద అతను ఇరవై ఏడేళ్ళు పనిచేశాడు. పదమూడంతస్తుల ఎత్తున అద్దాల గది, అందులో ఒక కుర్చీ, రెండు మీటలు, కాళ్ళ కింద కూడా అద్దమే. కింద ఎవడైనా సరుకు కిందికి వచ్చి నిలబడ్డాడంటే పైనుంచి మైకులో తిట్లు కురిసేవి. ఆ తిట్లు తిన్నవాడు మర్నాటికి కూడా కోలుకునేవాడు కాదు. "పడిందిరా పిడుగు" అనుకునేవాళ్ళు మిగతావాళ్ళు. నోరు ఎంత దురుసో చెయ్యి అంత మెత్తన. ఇన్నేళ్ళలో ఒక్క చుట్ట జారింది లేదు, ఒక్క కూలీ వేలు నలిగింది లేదు. ఆ సంగతి రేవులో శత్రువులు కూడా ఒప్పుకునేవాళ్ళు, మొహం మాడ్చుకుంటూనైనా.

ఒకరోజు పొద్దున్నే ఎనిమిది టన్నుల చుట్ట గాలిలో ఉండగా అతనికి ఛాతీలో ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. చెమటలు కారిపోయాయి. ఎడమచెయ్యి చచ్చుబడినట్టు అయింది. అయినా కుడిచేత్తో ఆ చుట్టను కుదుపు లేకుండా నేలకు దించి, అప్పుడు మీటల మీద వాలిపోయాడు. అతని బావమరిది రేవులోనే పని, ఓడ పక్కన నిలబడి చేతులతో సైగలు చేసే మనిషి. ఈ ముక్క వాడు ఇప్పటికీ పదిమందికి చెప్పుకుని కళ్ళు తుడుచుకుంటాడు. తర్వాత జరిగింది పిడుగుకు గుర్తులేదు. ఎవరో దించారు, ఎవరో ఆసుపత్రికి తెచ్చారు, డాక్టరు రెండు స్టెంట్లు వేశాడు. చావు తప్పి కన్ను లొట్టపోయిందన్నమాట.

రెండు నెలల తర్వాత పనిలోకి వెళ్తే మేనేజరు అతన్ని క్రేను దగ్గరికే రానివ్వలేదు. గేటు దగ్గర ఒక కుర్చీ చూపించాడు. వచ్చే లారీల నెంబర్లు పుస్తకంలో ఎక్కించాలి, పాసులు చింపి ఇవ్వాలి.

"మీ మంచికే" అన్నాడు మేనేజరు. "హాయిగా నీడపట్టున కూర్చోండి."

ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. కూర్చున్నప్పుడల్లా టకటకమంటుంది. దాన్ని తన్నాడు, లారీల వాళ్ళను తిట్టాడు, పాసుల పుస్తకాన్ని విసిరికొట్టి మళ్ళీ తనే వెళ్ళి ఏరుకొచ్చాడు. తలెత్తితే చాలు, తన క్రేను కనిపిస్తుంది. దాని మీద ఇంకెవడో కుర్రవాడు సరుకును కుదిపి కుదిపి దించుతున్నాడు. చూస్తుంటే పిడుగుకు కడుపు మండిపోయేది. తనకు రాని పని ఎవడైనా చెయ్యనీ, తన పనిని పాడుచేస్తుంటే చూస్తూ కూర్చోవడం ఎలా?

దారి ఒక్కటే ఉంది. రేవు డాక్టర్ల బోర్డు ముందు నిలబడి నెగ్గాలి. బీపీ నూటనలభైకి తొంభై దాటకూడదు, ఆరు నిమిషాల్లో నాలుగువందల మీటర్లు నడవాలి, నాలుగంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కాలి. నెగ్గితే మళ్ళీ అద్దాల గది, లేకపోతే పదవీ విరమణ దాకా పొట్టికాలు కుర్చీ.

ఆసుపత్రి డాక్టరు మొదట ట్రెడ్‌మిల్ ఎక్కమన్నాడు. ఎక్కాడు. మూడో నిమిషంలో గుండె దడదడలాడేసరికి గభాల్న దిగిపోయాడు. మళ్ళీ ఆ మోకాలు వచ్చి ఛాతీ మీద కూర్చుంటుందేమోనని ఒళ్ళు జలదరించింది. పైకి మాత్రం మిషను బాగోలేదని, బెల్టు జారుతోందని, దీన్ని కొన్నవాడు దద్దమ్మ అని నానా రభసా చేశాడు. పదమూడంతస్తుల ఎత్తులో భయమెరగని మనిషి జానెడు ఎత్తు పట్టీ మీద భయపడ్డాడంటే ఎవరికి చెప్పుకుంటాడు?

డాక్టరు అనుభవం ఉన్నవాడు. బెల్టు సంగతి ఎత్తలేదు. "వద్దంటే మానెయ్యండి. ఇంట్లో కూర్చోవడం మాత్రం కుదరదు. గుండెపోటు వచ్చి ఇలాంటి వ్యాయామాలకు జంకేవాళ్ళ కోసం ఇంకోటి ఉంది. మెల్లగా చేసేది, అందుకని చాలామంది మధ్యలో మానరు. కొన్నాళ్ళు చేసి చూడండి" అని ఈ హాలుకు పంపాడు.

అలా వచ్చి నిలబడ్డాడు. వచ్చాడే గాని, మొదటిరోజే పరువు పోయింది.

టీచరమ్మ చేతులు పైకెత్తగానే వరసలో అందరి చేతులూ లేచాయి. పిడుగు చెయ్యి లేవలేదు. అతని కుడిచెయ్యి కనిపించని మీటను తనవైపు లాగింది. ఆవిడ చెయ్యి తగ్గిస్తే ఆ మీటను ముందుకు తోసింది. ఆవిడ ఒక చెయ్యి పక్కకు చాచి అరచెయ్యి నేలవైపు తిప్పగానే పిడుగు స్తంభంలా నిలబడిపోయాడు. రేవులో ఆ సైగకు అర్థం ఆపెయ్యమని. అడుగు వెయ్యబోయిన పోస్టుమాస్టరు వచ్చి అతనికి గుద్దుకున్నాడు, ఆయన్ని పట్టుకున్న పెద్దావిడ తూలింది, వరసంతా కలగాపులగమైపోయింది.

"ఏమిటయ్యా, మేకు దిగేసినట్టు నిలబడ్డావు?" అన్నాడు పోస్టుమాస్టరు.

"ఆపమని సైగ చేసి, ఆపితే తిడతారేమిటి?" అని అరిచాడు పిడుగు. "ఎత్తమంటుంది, ఎత్తేలోపు దించమంటుంది, మధ్యలో ఆపమంటుంది! మా రేవులో ఇలాంటి సైగలు చేస్తే ఈపాటికి పదిమంది చచ్చుండేవాళ్ళు!"

ఇరవై ఏడేళ్ళుగా ఎదుటివాళ్ళ చేతుల్ని చూసి మీటలు కదిపాడు గాని, చేతుల్ని చూసి అచ్చం అలాగే తిప్పడం ఎన్నడూ చెయ్యలేదు పాపం. అందరూ పడీ పడీ నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. తరగతి అయ్యాక అతన్ని ఆపి, రేవు సైగలన్నీ చూపించమంది. చూపించాడు, విసుక్కుంటూనే.

"వీటిలో కష్టమైంది ఏది?" అని అడిగింది.

"దించడం" అన్నాడు. "ఎత్తడం ఎవడైనా ఎత్తుతాడు. దించేటప్పుడు తెలుస్తుంది వాడు క్రేను మనిషో, కోతో. చివరి జానెడులో తొందరపడ్డాడా, సరుకు పగిలిందే."

"రేపటినుంచి నన్ను చూడకండి. మీ గదిలోంచి కిందికి చూసినట్టు నేల వైపు చూడండి. మీ చేతులే చుట్ట అనుకుని, చివరి జానెడు దాకా దించండి. నేను నోటితో చెబుతాను."

మర్నాడు చేశాడు. చేతులు దిగుతుంటే ఊపిరి వదలమంది, పొడుగ్గా. మోకాళ్ళు వంచి, బరువంతా ఒక కాలి మీదికి మార్చి, రెండో కాలు పిల్లిలా ముందుకు పెట్టమంది. అయిదు నిమిషాలకు తొడలు వణికాయి, పది నిమిషాలకు చెమట పట్టింది. పిడుగుకు ఒళ్ళు మండింది.

"నత్తనడకకు చెమటేమిటి?" అన్నాడు.

"మీ మనిషి బరువంతా వంగిన మోకాళ్ళ మీద మోస్తున్నారు కదా, పట్టదా మరి? ఒళ్ళు పనిచేస్తోంది, గుండె కాస్త ఎక్కువ కొట్టుకుంటోంది, కాకపోతే దాన్నెవరూ కుదపడం లేదు. ఊపిరి పొడుగ్గా వదిలితే నరాల బిగువు సడలుతుంది. ఇలా వారాల తరబడి చేస్తే చాలామందిలో బీపీ కొంత తగ్గుతుంది, నడక మెరుగవుతుంది, భయం పోతుంది. అద్భుతాలేం జరగవు. వ్యాయామం చేస్తున్నాను కదా అని మాత్రలు మానేశారో, మీ ఇంటికొచ్చి మరీ తిడతాను. మీకొక్కరికే వచ్చనుకోకండి తిట్టడం."

భయం అన్న మాట దగ్గర పిడుగు గతుక్కుమన్నాడు. ఈవిడకు ఎవరు చెప్పారు?

"కోపం కూడా పోతుందా?" అని అడిగాడు, మాట మార్చడానికి.

"పోవాలా?"

"అక్కర్లేదు. నాకంటూ మిగిలింది అదొక్కటే."

"ఉంచుకోండి. అది మిమ్మల్ని కుదిపి పారెయ్యకుండా చూసుకుంటే చాలు."

వారానికి మూడు రోజులు హాల్లో, మిగతా రోజులు ఇంటి మేడమీద. మేడమీద చేస్తుంటే బావమరిది మెట్ల దగ్గర కూర్చుని వ్యాఖ్యానం చెప్పేవాడు.

"బావా, ఒంటికాలి మీద నిలబడి అరగంటైంది. చేప ఏమైనా పడిందా?"

"నోరుమూసుకోరా. నువ్వు చేసే సైగలకు నేనింకా బతికుండడమే గొప్ప."

"అక్కా! బావకు కోపమొచ్చింది, గుండె బాగానే ఉంది!" అని కిందికి కేకేసేవాడు వాడు.

కిందనుంచి జవాబు వచ్చేది కాదు. పిడుగు భార్య రేవు క్యాంటీన్లో టీలు అందించే మనిషి. ఉప్పు తగ్గించి అతనికి వేరే వండేది, మాత్రలు చేతిలో పెట్టేది, బీపీ పుస్తకంలో తనే అంకెలు రాసేది. క్రేను మాటెత్తితే మాత్రం గిన్నెలు ఎత్తి కుదేసేది. ఆడవాళ్ళ చాదస్తం అనుకుని అతను పట్టించుకోలేదు.

ఆర్నెల్లు గడిచాయి. నూట అరవై నాలుగుకు వంద ఉన్న బీపీ, మాత్రలు మానకుండానే, నూట ఇరవై ఎనిమిదికి ఎనభై రెండుకు దిగింది. ఆరు నిమిషాల్లో మూడువందల మీటర్లు కూడా నడవలేనివాడు నాలుగువందల నలభై నడిచాడు. అన్నిటికన్నా ముఖ్యం, మెట్లెక్కుతుంటే గుండె కొట్టుకోవడం వినపడినా ఇప్పుడు దిగి పారిపోవాలనిపించలేదు. కొట్టుకోనీ, దాని పని అది చేస్తోంది అనుకున్నాడు. డాక్టర్ల బోర్డు కాగితం మీద ముద్ర గుద్ది ఇచ్చింది: క్రేను నడపడానికి యోగ్యుడు.

ఆ కాగితం పట్టుకుని మేనేజరు గదికి వెళ్ళాడు, పెళ్ళికొడుకులా. మేనేజరు దాన్ని చదివి, పక్కన పెట్టి, సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు.

"నాకేం అభ్యంతరం లేదు. కానీ మీ ఆవిడే రాసిచ్చింది చూడండి."

టైపు చేసిన కాగితం. తన భర్తకు గుండె జబ్బు ఉన్నందున అతన్ని మళ్ళీ క్రేను ఎక్కించవద్దని కోరుతున్నట్టు. అడుగున సంతకం. ఆ సంతకం ఎవరిదో పిడుగుకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కలో బల్లెం అంటే ఇదే! ఆర్నెల్లు ఒంటికాలి మీద తపస్సు చేసింది ఈ ద్రోహం కోసమా? క్యాంటీను దాకా ఎలా నడిచాడో తెలీదు. భోజనాల వేళ దాటింది, బల్లలన్నీ ఖాళీ. భార్య గ్లాసులు కడుగుతోంది, బావమరిది ఒక మూల కూర్చుని టీ తాగుతున్నాడు.

"నా వెనక గొయ్యి తవ్వుతావా?" అని గర్జించాడు పిడుగు. "నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి చంపుదామనా? నీకేం తెలుసు నా పని సంగతి? ఎవరడిగి సంతకం పెట్టావు? కట్టుకున్న దానివా, పగదానివా?"

ఆమె అతన్ని ఆపలేదు. చివరి గ్లాసు బోర్లించింది, చేతులు తుడుచుకుంది.

"అయిందా? ఇప్పుడు నేను మాట్లాడతాను" అంది. "ఆ రోజు నిన్ను పైనుంచి ఎలా దించారో తెలుసా?"

"ఎలాగో దించారు."

"ఎలాగో! డెబ్బై నిమిషాలయ్యా! నీ క్రేను లిఫ్టు అప్పటికే నెలనుంచి పాడైపోయి ఉందని నీకూ తెలుసు. మనిషిని కట్టి దించే స్ట్రెచరు స్టోరులో ఉంది. స్టోరుకు తాళం. తాళంచెవి ఉన్నవాడు సెలవులో. తాళం పగలగొట్టండి బాబూ అని నేను కాళ్ళావేళ్ళా పడితే, మేనేజరు సంతకం లేకుండా కుదరదన్నారు. ఆయన ఫోను ఎత్తలేదు. చివరికి వీడూ, ఇంకో ఇద్దరూ సరుకు కట్టే పట్టీలు మెడలో వేసుకుని నిచ్చెనెక్కి, నిన్ను మూటలా కట్టి దించారు. నీ చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది. అది కదులుతోందా, గాలికి ఊగుతోందా తెలీక కింద నిలబడి చూశాను. నువ్వు నిద్రపోయావు. నేను చూశాను!"

పిడుగు బావమరిది వైపు తిరిగాడు. వాడు టీ గ్లాసులోకి చూస్తున్నాడు.

"నువ్వు చెప్పలేదేంరా?"

"నువ్వు అడగలేదు బావా. డాక్టరేమో కోపం వచ్చే మాటలు చెప్పొద్దన్నాడు."

"అదీ!" అంది ఆమె. "నీ గుండె, నీ బీపీ, నీ నడక! ఎనిమిది నెలలైంది. ఒక్కరోజు, ఒక్క పూట అడిగావా, నువ్వు కింద ఏం చేశావే అని? ఇప్పటికీ ఆ క్రేను కింద నుంచి నడవలేక చుట్టూ తిరిగి వస్తున్నాను పనికి. అప్పుడొచ్చాడు మేనేజరు, ఈ కాగితం తనే టైపు చేయించి పట్టుకుని. మీ ఆయన బతకాలంటే పెట్టమ్మా అన్నాడు. పెట్టాను. మళ్ళీ అలా నిలబడమంటే నా వల్ల కాదు. పెట్టక ఏం చెయ్యను?"

పిడుగుకు తన మీద తనకే అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు. అక్కడే బల్లమీద కూలబడ్డాడు.

"తప్పు నాదే" అన్నాడు. "అడగాల్సింది."

ఆ తర్వాత నెమ్మదిగా ఇంకో సంగతి వెలిగింది. కాగితంలో గుండె జబ్బు ఉంది. తాళం లేదు. లిఫ్టు లేదు. డెబ్బై నిమిషాల ఊసే లేదు. తప్పంతా అతని గుండెదే అయిపోయింది. అది కూడా కట్టుకున్న మనిషి సంతకంతో!

"ఆ లిఫ్టు ఇప్పుడు పనిచేస్తోందా?" అని అడిగాడు.

"ఎక్కడ! మొన్న వారం బాగుచేశారు, మూడు రోజులకు మళ్ళీ ఆగింది" అన్నాడు బావమరిది.

పిడుగు లేచి, బావమరిది చెవిలో రెండు ముక్కలు చెప్పి, వెళ్ళి మేనేజరు కిటికీ కింద నిలబడమన్నాడు. "నేనూ వస్తున్నాను" అంది భార్య, తువ్వాలు భుజాన వేసుకుని. మేనేజరు గది బయట పిడుగు ఆగాడు. మోకాళ్ళు వంచి, చేతులెత్తి, మెల్లగా దించాడు, రెండుసార్లు. గుమాస్తాలు కళ్ళప్పగించి చూశారు. కోపం చల్లారడానికి కాదు, రొప్పుతూ మాట్లాడితే మేనేజరు నీళ్ళ గ్లాసిచ్చి పంపేస్తాడని.

లోపలికి వెళ్ళి నిలబడ్డాడు. అరవలేదు.

"నన్ను దించడానికి డెబ్బై నిమిషాలు ఎందుకు పట్టింది సార్?"

"అది పాత విషయం. ఇప్పుడు ప్రశ్న మీ ఆరోగ్యం..."

"నా గుండె సంగతి నేను చూసుకున్నాను, ముద్రగుద్దిన కాగితం మీ బల్లమీదే ఉంది. మీ లిఫ్టు సంగతి మీరేం చూసుకున్నారు? ఈ పూట పైన ఉన్న పదకొండు మందిలో ఎవడికైనా నొప్పొస్తే ఎలా దించుతారు? తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

మేనేజరు ఫోను వైపు చెయ్యి చాచాడు. పిడుగు కిటికీ దగ్గరికి వెళ్ళి, కింద నిలబడ్డ బావమరిదికి తలూపాడు. రేవులో ఆపమనే సైగ ఎవరు చేసినా ఆపి తీరాలి. వాడు చెయ్యి చాచి అరచెయ్యి నేలవైపు తిప్పాడు. ఒక్కొక్క క్రేనూ సరుకు దించేసి ఆగింది. తాళం సంగతి విని పదకొండు మందీ నిచ్చెనలు దిగి వచ్చి గేటు దగ్గర కూర్చున్నారు.

రెండు రోజులు ఓడ నిండుగా అలాగే నిలబడింది. పైవాళ్ళ దగ్గర్నుంచి మేనేజరుకు అక్షింతలు పడ్డాయి. మూడోరోజుకు లిఫ్టు మరమ్మతు అయింది, ప్రతి అద్దాల గదిలోకీ ఒక స్ట్రెచరు పెట్టె చేరింది, తాళం లేకుండా. లిఫ్టు ఆగిపోయినా మనిషిని ఎంతసేపట్లో దించగలరో అందరి ముందూ చేసి చూపించాలని పట్టుబట్టాడు పిడుగు. కట్టమని పైన గదిలో తనే పడుకున్నాడు. తాళ్ళు కట్టి దించారు. భార్య గడియారం చూస్తూ నిలబడింది, మొహంలో నెత్తుటిచుక్క లేదు. తొమ్మిది నిమిషాలు.

"చాలా బాగుంది" అన్నాడు మేనేజరు చప్పట్లు కొట్టి. "ఇప్పుడు తృప్తేనా అమ్మా?"

"ఇంకొక్కసారి దించాలి సార్" అంది ఆమె. "ఈసారి మీరెక్కండి."

మేనేజరు నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. పదకొండు మంది క్రేను మనుషులూ, లారీల వాళ్ళూ, క్యాంటీను వాళ్ళూ ఆయన్నే చూస్తున్నారు. ఎక్కక తప్పలేదు. పైన ఆయన గది తలుపు పట్టుకుని వదలడానికే రెండు నిమిషాలు పట్టింది. దిగుతున్నంతసేపూ కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాడు. నేలకు తగిలాక కట్లు విప్పితే చొక్కా తడిసి ముద్దయి ఉంది, లేచి నిలబడడానికి పిడుగే చెయ్యందించాల్సి వచ్చింది.

ఆమె గడియారం ఆయన మొహం ముందు పెట్టింది.

"పదకొండు నిమిషాలు సార్. ఇంకా యాభై తొమ్మిది మిగిలాయి."

మేనేజరు జేబులోంచి టైపు కాగితం తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని మడిచి కొంగున కట్టుకుంది, మొగుడి వైపు తిరిగింది.

"ఇంకా నిలబడ్డావేం? ఓడ ఆగిపోయి మూడు రోజులైంది, వెళ్ళి దించు" అంది.